ఇంటి మరమ్మతులు, భద్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏదైనా పాడయ్యే ముందు ఇల్లు ఏదో ఒక గుర్తు చూపిస్తుంది. ప్లగ్గు వేడెక్కుతుంది, గోడ మీద ఉప్పు తేలుతుంది, బాత్రూంలో వాసన మొదలవుతుంది. చూసిన రోజే పట్టించుకుంటే పని చిన్నదిగా ఉన్నప్పుడే అయిపోతుంది. ఇల్లు చూసుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ప్రాణం మీదికి వచ్చేవి ముందు పెట్టాను, గోడలూ కుళాయిలూ తర్వాత వస్తాయి.

కొత్త ఇంట్లోకి వచ్చాం. మొదట ఏం తెలుసుకోవాలి?

కరెంటు, నీళ్లు, గ్యాస్. ఈ మూడింటినీ ఎక్కడ ఆపాలో తెలుసుకోండి. పైపు పగిలి నీళ్లు హాల్లోకి పారుతున్నప్పుడు వాల్వు కోసం వెతకడం మొదలుపెడితే, అది దొరికేసరికి సగం ఇల్లు తడిసిపోతుంది. మీ ఒక్కరికి తెలిస్తే చాలదు. ఇంట్లో అందరికీ, కాస్త ఊహ తెలిసిన పిల్లలతో సహా, చూపించండి. ఒకసారి వాళ్ల చేత్తోనే ఆపించి మళ్లీ వేయించండి.

ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయి కరెంటు ఆపే స్విచ్చు) బాక్సులో ఏ మీట ఏ గదిదో చిన్న కాగితం మీద రాసి పక్కన అంటించండి. నీళ్ల మెయిన్ వాల్వుని ఆరు నెలలకోసారి పూర్తిగా మూసి తెరుస్తూ ఉండండి. ఏళ్ల తరబడి ముట్టుకోని వాల్వు బిగుసుకుపోతుంది. ఇప్పటికే బిగుసుకుపోయి ఉంటే పానా పెట్టి బలవంతంగా తిప్పకండి. లోపలి కాడ విరిగిందంటే నీళ్లు ఆపే దారే ఉండదు. ప్లంబరుని పిలిచి మార్పించేయడం మంచిది.

ఎంసీబీ ఉంది కదా, మళ్లీ ఆర్‌సీసీబీ ఎందుకు?

ఈ రెండింటి పని వేరు. ఎంసీబీ వైర్లను కాపాడుతుంది. లోడు ఎక్కువైనా, షార్ట్ సర్క్యూట్ అయినా ఆపేస్తుంది. కానీ 16 ఆంపియర్ల ఎంసీబీకి మనిషికి కొట్టే షాక్ అసలు తెలియదు. ఒంట్లోంచి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు పోతే చాలు, గుండె లయ తప్పవచ్చు. ఆ కాస్త కరెంటుకి ఎంసీబీ కదలదు.

ఆర్‌సీసీబీ వెళ్లే కరెంటునీ తిరిగొచ్చే కరెంటునీ పోల్చుకుంటూ ఉంటుంది. రెండింటికీ తేడా వచ్చిందంటే మధ్యలో ఎక్కడో భూమిలోకి, బహుశా ఒక మనిషి ఒంట్లోంచి, పోతోందని అర్థం. వెంటనే సరఫరా ఆపేస్తుంది. ఇళ్లకి 30 మిల్లీ ఆంపియర్లది పెట్టుకోవాలి. 100, 300 మిల్లీ ఆంపియర్లవి మనుషుల్ని షాక్ నుంచి కాపాడటానికి సరిపోవు. మీ ఇంట్లో ఇది లేకపోతే, ఇల్లంతటికీ రంగులు వేయించే పని ఏడాది వాయిదా వేసి అయినా ముందు దీన్ని పెట్టించండి.

దాని మీద ‘టీ’ అని రాసిన చిన్న మీట ఉంటుంది. నెలకోసారి నొక్కండి. టక్కున పడిపోతే బాగున్నట్టు. పడకపోతే ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దీనికి తేడా కనిపించదు, కాబట్టి కాపాడలేదు. అలాగే ఆ మీట ఎర్తింగ్ బాగుందో లేదో చెప్పదు. ఎర్తింగ్‌ని విడిగా పరీక్ష చేయించాల్సిందే.

మాటిమాటికీ ట్రిప్ అవుతోంది. కాస్త పెద్ద ఎంసీబీ వేయిస్తే సరిపోతుందా?

వద్దు. ఇంట్లో నిప్పు పుట్టించే పనుల్లో ఇదొకటి. వైరు మందానికి తగ్గట్టు ఎంసీబీ ఉంటుంది. ఎంసీబీ ఒక్కటే పెంచితే, వైరు గోడలో కాలుతున్నా అది ఊరుకుంటుంది.

కారణం కనుక్కోండి. ఆ లైను మీది ప్లగ్గులన్నీ పీకేసి ఎంసీబీ ఎత్తండి. నిలబడితే ఒక్కొక్క వస్తువూ పెట్టి చూడండి. ఏది పెట్టగానే పడిపోతుందో దానిలో లోపం ఉండవచ్చు, లేదా ఆ లైను మీద లోడు ఎక్కువై ఉండవచ్చు. ఏమీ పెట్టకుండానే పడిపోతే లోపం వైరింగ్‌లో ఉంది, ఇక మీరు వేలు పెట్టకండి.

స్విచ్‌బోర్డు వేడిగా తగులుతోంది. పర్వాలేదా?

స్విచ్‌బోర్డు చల్లగా ఉండాలి. మామూలు స్విచ్చు గానీ సాకెట్టు గానీ చేతికి వేడిగా తగిలిందంటే లోపల స్క్రూ వదులైందనో, దాని శక్తికి మించి లోడు పడుతోందనో అనుకోవాలి. ప్లగ్గు బయటికి తీసి పిన్నులు వెలుతురులో చూడండి. మూడింట్లో ఒక పిన్ను మొదట్లో గోధుమరంగుకి తిరిగి, దాని చుట్టూ ప్లాస్టిక్ కాస్త కరిగి మెరుస్తూ ఉంటే, అక్కడ పట్టు సరిగ్గా లేదన్నమాట. వదులైన చోట కరెంటుకి అడ్డు ఎక్కువ, అడ్డు ఉన్నచోట వేడి పుడుతుంది, వేడికి లోపలి రేకు ఇంకా వదులవుతుంది. అలా పెరుగుతూ పోతుంది. ప్లగ్గు ఒక్కటే మారిస్తే చాలదు, సాకెట్టు కూడా మార్చాలి. ఒకటి కాలితే రెండోది కూడా పాడైనట్టే.

ఎక్స్‌టెన్షన్ బాక్సుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 230 వోల్టుల మీద 2000 వాట్ల హీటరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. చాలా బాక్సులు 6 ఆంపియర్లకే చేసి ఉంటాయి. హీటరు, గీజరు, ఇస్త్రీపెట్టె, ఏసీ లాంటివి గోడకున్న పెద్ద సాకెట్టుకే పెట్టాలి. ఒక బాక్సుకి ఇంకో బాక్సు తగిలించకూడదు. తివాచీ కింద నుంచి వైరు తీయకండి. నలిగినా వేడెక్కినా అది కళ్లకి కనిపించదు.

కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చినా, బోర్డులోంచి జుయ్యిమని చప్పుడు వచ్చినా మెయిన్ ఆపేసి మనిషిని పిలవండి. రేపు చూద్దాం అనుకునే విషయం కాదిది.

ఎవరికైనా షాక్ కొడితే ఏం చేయాలి?

పట్టుకుని లాగకండి. ముందు మెయిన్ ఆపండి. ఆపడం కుదరకపోతే పొడి నేల మీద నిలబడి, పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో మనిషినీ వైరునీ వేరు చేయండి. ఇది ఇంటి కరెంటుకే పనికొస్తుంది. వీధిలో తెగిపడిన లైను దగ్గరికి మాత్రం వెళ్లకండి. మనిషి ఊపిరి తీసుకోకపోతే అంబులెన్సుకి ఫోన్ చేయించి వెంటనే ఛాతీ మధ్యలో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండండి. లేచి కూర్చుని బాగానే ఉందన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గుండె లయలో తేడా బయటికి కనిపించదు.

గ్యాస్ వాసన వస్తే లైటు వేసి చూడొచ్చా?

వేయకూడదు. వెలుగుతున్న లైటుని ఆపనూ కూడదు. స్విచ్చు వేసినా తీసినా లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను, కాలింగ్ బెల్లు, ఫ్రిజ్ ప్లగ్గు, అన్నిటికీ ఇదే మాట. రెగ్యులేటరు కట్టేయండి, తలుపులూ కిటికీలూ బార్లా తెరవండి, అందరూ బయటికి వచ్చాక అక్కడి నుంచి ఫోన్ చేయండి.

సిలిండర్లో ఉండే గ్యాసు గాలి కంటే బరువు. నేల మీద పరుచుకుని గదుల్లోకి, కింద ఉన్న తూముల్లోకి పాకుతుంది. అందుకే కిటికీలతో పాటు గుమ్మం తలుపు కూడా తెరవాలి. పైపులో వచ్చే సహజవాయువు గాలి కంటే తేలిక, పైకప్పు కింద చేరుతుంది. ఈ రెండు గ్యాసులకీ తమదంటూ చెప్పుకోదగ్గ వాసన ఉండదు. లీకైతే తెలియాలనే మెర్కాప్టాన్ అనే ఘాటైన రసాయనం కలుపుతారు. జలుబు చేసినవాళ్లకీ వయసు మళ్లినవాళ్లకీ ఆ వాసన సరిగ్గా తెలియకపోవచ్చు. అలాంటివాళ్లు ఒంటరిగా ఉండే ఇంట్లో గ్యాస్ డిటెక్టరు పెట్టడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

లీకు ఉందేమోనన్న అనుమానం ఉంటే సబ్బు నురుగు రాయండి. బుడగలు లేస్తే అక్కడే లీకు. అగ్గిపుల్లతో ఎప్పుడూ చూడకండి. రబ్బరు ట్యూబుని నెలకోసారి వంచి చూడండి. వంపు దగ్గర సన్నటి నెర్రెలు కనిపిస్తే, దాని మీద వేసిన గడువు తేదీ ఇంకా దాటకపోయినా మార్చేయండి.

మూకుడులో నూనె అంటుకుంటే?

నీళ్లు పోయకండి. నీటిచుక్క మరిగే నూనెలో పడగానే ఆవిరిగా మారి దాదాపు 1700 రెట్లు పెరుగుతుంది. మండుతున్న నూనెని ఎగజిమ్ముతుంది. మంట సీలింగ్ దాకా లేస్తుంది. స్టవ్ కట్టేసి, ఏదైనా లోహపు మూతని మీ వైపు నుంచి జరుపుతూ మూకుడు మీద మూయండి. పూర్తిగా చల్లారేదాకా మూత తీయకండి, మూకుడు కదపకండి. బయట పారేద్దామని దాన్ని పట్టుకుని పరిగెత్తితే ఒంటి మీద ఒలుకుతుంది.

వంటింటి గుమ్మం దగ్గర, స్టవ్‌కి దూరంగా, ఏబీసీ పౌడర్ రకం అగ్నిమాపక సిలిండరు ఒకటి ఉంచుకోండి. దాని మీటరు ముల్లు పచ్చగీత మీద ఉండాలి. వాడేటప్పుడు పిన్ను పీకి, మంట మొదట్లోకి గురిపెట్టి, అటూ ఇటూ ఊపుతూ నొక్కాలి. ఇంటి సైజుది కొన్ని సెకన్లలోనే అయిపోతుంది. అందుకని బయటికి వెళ్లే దారి మీ వెనక ఉండేలా నిలబడండి. మంట మీ నడుము ఎత్తు దాటితే ఆర్పే ప్రయత్నం మాని బయటపడండి. పొగ అలారం పెట్టుకుంటే నెలకోసారి నొక్కి చూడండి, పదేళ్లకి మార్చండి.

కాలిన చోట 20 నిమిషాలు చల్లటి కుళాయి నీళ్లు పోయాలి. టూత్‌పేస్టు, ఐస్, ఇంకు ఏవీ వద్దు.

గ్యాస్ గీజరు బాత్రూంలో పెట్టొచ్చా?

పెట్టకూడదు. తలుపులు మూసిన చిన్న గదిలో గ్యాసు మండితే ఆక్సిజన్ తగ్గి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదలై, విషయం అర్థమయ్యేలోపే మనిషి కుప్పకూలిపోతాడు. గీజరు బయట గాలి ఆడే చోట ఉండి, లోపలికి వేడినీళ్ల పైపు మాత్రమే రావాలి. బొగ్గుల కుంపటి, జనరేటరు కూడా ఇంతే, మూసిన ఇంట్లో పెట్టడం ప్రాణాంతకం.

కరెంటు గీజరుకి ఒక సేఫ్టీ వాల్వు ఉంటుంది. వేడెక్కేటప్పుడు దాన్నుంచి నాలుగు చుక్కలు కారడం మామూలే. వేడికి పెరిగిన నీళ్లకి దారి కావాలి కదా. కారుతోందని దాన్ని బిగించేస్తే ట్యాంకులో ఒత్తిడి పెరిగి పగిలే ప్రమాదం ఉంది. అయితే ఆగకుండా ధారలా వస్తుంటే చూపించాలి. 60 డిగ్రీల నీళ్లు ఒంటి మీద పడితే 5 సెకన్లలోనే తీవ్రంగా కాలుతుంది. పిల్లలున్న ఇంట్లో బకెట్లో ముందు చన్నీళ్లు పట్టి, తర్వాతే వేడినీళ్లు కలపండి.

కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. నేనే బాగుచేసుకోవచ్చా?

హాయిగా చేసుకోవచ్చు. సెకనుకో చుక్క చొప్పున కారినా రోజుకి 86,400 చుక్కలు, అంటే సుమారు 20 లీటర్లు పోతాయి.

వాష్ బేసిన్ కింద ఉన్న చిన్న యాంగిల్ వాల్వు మూయండి. కుళాయి తెరిచి పైపులో మిగిలిన నీళ్లు వదిలేయండి. బేసిన్ రంధ్రంలో గుడ్డ కుక్కండి, స్క్రూ జారి పడితే మళ్లీ దొరకదు. పిడి మీది గుండ్రటి మూత గోటితో లేపితే కింద స్క్రూ ఉంటుంది. అది విప్పి పిడి తీసేసి, లోపలి నట్టుని పానాతో వదులు చేస్తే కాడ మొత్తం బయటికి వస్తుంది. కాడ చివర నల్లటి రబ్బరు వాషరు ఉంటుంది. కారే కుళాయిలో ఆ వాషరు మీద గుండ్రంగా గాడి పడి, అంచు పెళుసుగా అయి ఉంటుంది. పాతదాన్ని వెంట తీసుకెళ్లి సరిగ్గా అదే సైజు తెచ్చుకోండి. కొత్తది పెట్టే ముందు లోపల వాషరు కూర్చునే చోటుని వేలితో తడిమి చూడండి. గరుకుగా ఉంటే కొత్త వాషరు కూడా త్వరలోనే కోసుకుపోతుంది, అప్పుడు కుళాయే మార్చడం నయం. పావు తిప్పుతో తెరుచుకునే కుళాయిల్లో వాషరు ఉండదు. సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, దాన్ని మొత్తంగా మార్చాలి.

నీళ్లు ఎక్కడో పోతున్నాయని అనుమానం. కనిపెట్టడం ఎలా?

రాత్రి పడుకునే ముందు అన్ని కుళాయిలూ కట్టేసి నీళ్ల మీటరు చూసుకోండి, పొద్దున మళ్లీ చూడండి. అంకె మారితే లీకు ఉన్నట్టే. ఎక్కువసార్లు దొంగ ఫ్లష్ ట్యాంకే. అందులో కాస్త రంగు కలిపి, ఫ్లష్ చేయకుండా 15 నిమిషాలు ఆగండి. కమోడ్‌లో రంగు కనిపిస్తే ట్యాంకు అడుగున ఉన్న రబ్బరు పోయింది.

గోడకి చెమ్మ వస్తోంది. వాటర్‌ప్రూఫ్ పెయింటు వేస్తే పోతుందా?

పోదు. నీళ్లు వస్తున్న దారి మూయకుండా పైన ఏది పూసినా, ఆ నీళ్లు దాన్ని పొక్కులు పొక్కులుగా లేపేస్తాయి. ఎక్కువమంది డబ్బు వృథా చేసుకునేది ఇక్కడే. కాబట్టి చెమ్మ ఎక్కడ, ఎప్పుడు వస్తోందో కొన్నాళ్లు గమనించండి.

వాన పడ్డాకే వస్తే డాబా మీద నుంచో, బయటి గోడ పగులులోంచో వస్తోంది. వానతో పనిలేకుండా ఏడాదంతా ఒకేచోట ఉంటే గోడలో పైపు కారుతోంది. బాత్రూం ఆ గోడకి అవతలే ఉంటే టైల్స్ మధ్య సందులు చూడండి. నేల నుంచి మూడడుగుల లోపు వరసగా, తెల్లటి ఉప్పు తేలుతూ ఉంటే భూమిలోని తేమ పునాది మీదుగా పైకి ఎక్కుతోంది. దాన్ని ఆపడం పెద్ద పని, అనుభవం ఉన్నవాళ్లు చేయాలి.

ఏదో తేల్చుకోలేకపోతే అల్యూమినియం ఫాయిల్ ముక్కని గోడకి నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయండి. ఫాయిల్ వెనక తడి ఉంటే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి. పైన తడి ఉంటే గదిలోని ఆవిరి చల్లటి గోడ మీద చేరుతోంది, కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తే తగ్గుతుంది.

వానాకాలానికి ముందు డాబా ఎక్కి నీళ్లు పోయే తూముల్లో ఆకులూ మట్టీ తీసేయండి. రెండు బకెట్ల నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. నిలిచిన చోట సుద్దతో గీత గీసి మేస్త్రీకి చూపిస్తే పని తేలికవుతుంది. నా లెక్కలో ఇల్లు ఉన్నవాళ్లు ఏడాదిలో చేసే పనులన్నిట్లోకీ ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

గోడ బీటలు చూస్తే టెన్షన్‌గా ఉంది. ఏవి ప్రమాదం?

వెంట్రుకంత సన్నటివి చాలావరకు ప్లాస్టరింగ్ ఆరినప్పుడు వచ్చేవే. బీట రెండు చివర్లలో పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ రాయండి. నెల తర్వాత గీత దాటి పాకిందా, వెడల్పు పెరిగిందా చూడండి. పెరగకపోతే పుట్టీ పెట్టేయొచ్చు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోతున్నా, 5 మిల్లీమీటర్లు దాటినా, తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుపోతున్నా పునాది కదులుతూ ఉండవచ్చు. ఇంజనీరుకి చూపించండి. స్లాబు గానీ స్తంభం గానీ పెచ్చులూడి తుప్పు మరకలు కనిపిస్తే అసలు ఆలస్యం చేయకండి. ఇనుము తుప్పు పడితే దాని పరిమాణం కొన్ని రెట్లు పెరిగి కాంక్రీటుని లోపలి నుంచి చీల్చేస్తుంది. పైన సిమెంటు మెత్తి దాచిపెడితే లోపల అలాగే సాగుతుంది.

వాడని బాత్రూంలో కంపు ఎందుకొస్తుంది?

నేలలోని ట్రాప్‌లో (నీళ్లు పోయే జాలీ కింద ఉండే వంపులో) నిలిచి ఉండే నీళ్లే డ్రైనేజీ గాలిని అడ్డుకుంటాయి. వాడకపోతే అవి ఆరిపోతాయి. వారానికో చెంబు నీళ్లు పోయండి, చాలు.

బాత్రూం క్లీనర్లు కలిపి వాడితే ఇంకా శుభ్రమవుతుందా?

విషవాయువు వస్తుంది. బ్లీచింగ్‌లో యాసిడ్ కలిస్తే క్లోరిన్, అమ్మోనియా కలిస్తే క్లోరమైన్లు పుడతాయి. రెండూ ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తాయి. ఒకటి వాడితే నీళ్లతో బాగా కడిగి, ఇంకో రోజు ఇంకోటి వాడండి. యాసిడ్‌ని తాగునీటి సీసాలో పోసి పెట్టకండి.

బ్యాటరీల విషయంలో జాగ్రత్తలు?

ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీని గుమ్మం దగ్గర, మెట్ల కింద చార్జింగ్ పెట్టకండి. అంటుకుంటే బయటికి దారి మూసుకుపోతుంది. అందరూ నిద్రపోయే వేళ పెట్టకండి. ఉబ్బినదాన్నీ కిందపడి దెబ్బతిన్నదాన్నీ మళ్లీ వాడొద్దు. ఇన్వర్టరుకి వాడే లెడ్ బ్యాటరీ చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి గాలి ఆడే చోట పెట్టి, డిస్టిల్డ్ వాటరే పోయండి.

చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఏం మార్చాలి?

పెద్దవాళ్లకి ప్రమాదమంతా జారిపడటంలోనే ఉంది. కమోడ్ పక్కనా స్నానం చేసే చోటా గోడకి పట్టుకునే రాడ్లు బిగించండి. టవల్ రాడ్ మనిషి బరువు ఆపలేదు. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపం పెట్టండి.

పిల్లలు సొరుగులు తెరిచి మెట్లలా ఎక్కుతారు. బీరువా, పుస్తకాల షెల్ఫు, టీవీ స్టాండు గోడకి క్లాంపులతో బిగించండి. బకెట్లో నీళ్లు నిలవ ఉంచకండి, నడక నేర్చుకునే బిడ్డ తలకిందులుగా పడితే రెండంగుళాల నీళ్లు కూడా ప్రమాదమే. గుండీ బ్యాటరీ మింగితే గొంతులో రెండు గంటల్లోనే తీవ్రంగా కాలుస్తుంది. వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి.

ఏ పనులు మనం చేసుకోవచ్చు, దేనికి మనిషిని పిలవాలి?

వాషర్లు, ఫ్లష్ ట్యాంకు రబ్బర్లు, ఏసీ ఫిల్టరు కడగడం, తలుపు బందులకి నూనె, బల్బులు, ఇవన్నీ మీవే. గోడకి మేకు కొట్టేటప్పుడు స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా కొట్టకండి, వైర్లు సాధారణంగా ఆ దారినే వెళ్తాయి. నిచ్చెన నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున గోడకి దూరంగా వేయాలి. గోడ లోపలి వైరింగ్, గ్యాస్ పైపులు, ఎర్తింగ్, స్తంభాలూ దూలాలూ తొలిచే పనులు మాత్రం తెలిసినవాళ్లకే వదిలేయండి. మీకు చేతనవునా కాదా అని ఆలోచించే కంటే, పని తప్పితే ఏమవుతుందో ఆలోచించండి. నీళ్లు కారితే తుడుచుకోవచ్చు. గ్యాస్ కారితే అలా కుదరదు.

నెల రోజులు ఇల్లు తాళం వేసి వెళ్తున్నాం. ఏమేం చూసుకోవాలి?

సిలిండరు రెగ్యులేటరు, నీళ్ల మెయిన్ వాల్వు కట్టేయండి. ఫ్రిజ్ నడవాల్సి ఉంటే దాని లైను ఒక్కటీ ఉంచి మిగతా ఎంసీబీలు దించండి. పూలకుండీల పళ్లేలు, కూలరు, బకెట్లు బోర్లించండి. దోమ గుడ్డు పెట్టిన తర్వాత వారం పది రోజుల్లోనే కొత్త దోమ ఎగురుతుంది. ట్యాంకు మూత గట్టిగా ఉందో లేదో పైకెక్కి చూసి రండి. నమ్మకమైన పొరుగువాళ్లకి ఒక తాళంచెవి ఇచ్చి, వాల్వు ఎక్కడుందో చూపించండి.

తిరిగొచ్చాక ముందు కిటికీలు తెరవండి. నిలవ నీళ్లు పోయేదాకా కుళాయిలు కొన్ని నిమిషాలు వదిలేయండి. షవరు తలని ముఖానికి దూరంగా పెట్టి వదలండి. వెచ్చటి పైపుల్లో వారాల తరబడి నిలిచిన నీళ్లలో లీజియోనెల్లా అనే బాక్టీరియా పెరగవచ్చు, అది తుంపరలతో పాటు ఊపిరిలోకి వెళ్తుంది.